నవల రాస్తోంది, మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. తన ఈడు పిల్లల గురించి తెలుగులో నవల రాస్తోంది. ఇంజినీరింగ్ చదవను, రచయిత్రినే అవుతానంటోంది. మానిపించాలా?
– ఓ తల్లి, హనుమకొండ

జవాబు: మానిపించకండమ్మా. అలాగని చదువూ ఆగనివ్వకండి. అమెరికాలోని టల్సాలో పుట్టిన ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ మొదలుపెట్టింది 15 ఏళ్లకు. స్కూలుకు వెళ్తూనే తిరగరాసింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు 18. అబ్బాయిల ముఠాల కథ ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలుగా మార్చారు. టీనేజీ నవల ఒక శాఖగా నిలబడటంలో ఆ పుస్తకానిది పెద్ద పాత్ర.

మీకు పనికొచ్చేది ఆ తర్వాతి సంగతి. పేరు రాగానే ఆమె కలం కదల్లేదు. రోజుకు రెండు పేజీలు రాస్తేనే బయటికి తీసుకెళ్తానని, తర్వాత భర్త అయిన స్నేహితుడు షరతు పెట్టాడు. అలా పోగైన పేజీలే 1971లో రెండో నవలగా వచ్చాయి. ఈలోగా 1970లో టల్సా విశ్వవిద్యాలయంలో ఎడ్యుకేషన్ డిగ్రీ కూడా పూర్తిచేసింది.

మీ ఇంట్లోనూ ఆ రెండు పేజీల లెక్కే పెట్టండి. పేజీకి 150 మాటలనుకున్నా వంద రోజులకు 30 వేలు, ఈ తరహా నవలకు సరిపోతాయి. పరీక్షల నెలలో సెలవు. ఈ వయసువాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోటే: మొదటి అధ్యాయాన్నే పదిసార్లు దిద్దుతూ ముగింపుదాకా వెళ్లరు. కథ పూర్తయ్యేదాకా వెనక్కి తిరిగి దిద్దొద్దని చెప్పండి. పూర్తయ్యాక నెల రోజులు పక్కన పెట్టి, అప్పుడు మొత్తం తిరగరాయాలి. సగంలో ఉండగా చదివి తప్పులు పట్టకండి, మీరు కూడా.

ఇంజినీరింగ్ ఎందుకు వద్దంటోందో విడిగా అడగండి. లెక్కలంటే నిజంగానే ఇష్టం లేకపోతే బీఏలో సాహిత్యమో, జర్నలిజమో చూడొచ్చు. రాయల్టీ (పుస్తకాల అమ్మకాలపై రచయితకు వచ్చే వాటా) మీదే బతుకుదామంటే మాత్రం ఒప్పుకోకండి, తెలుగులో అది చాలా కష్టం.

ప్రచురణ దాకా వస్తే, 18 నిండనివారు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు కాబట్టి సంరక్షకులుగా మీరు సంతకం చేయాలి. ‘సర్వహక్కులూ’ అని ఉంటే కొట్టేయించి, ముద్రణ హక్కు మాత్రమే, అదీ ఇన్నేళ్లకని రాయించండి. సినిమా లాంటి మిగతా హక్కులు మీ దగ్గరే ఉండాలి, వాటి అవసరం ఏళ్ల తర్వాతా రావొచ్చు: హింటన్ మొదటి నవల సినిమాగా వచ్చింది 1983లో, అచ్చయిన 16 ఏళ్లకు. అచ్చుఖర్చు మీరే పెట్టుకోమంటే ఆ ప్రతిని వెనక్కి తీసుకుని మరొకరికి పంపండి.