కెర్నెల్ మెమరీ హెల్పర్లు: ముందు ఫ్రీ చేసే సంగతి తేల్చుకోండి

లినక్స్ డ్రైవర్‌లో మెమరీ కేటాయించే హెల్పర్ ఫంక్షన్లు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా తయారయ్యాయి, వాటిని ఒక దారికి తేవడం ఎలా అని అడిగారు. కేటాయింపు దగ్గర మొదలుపెట్టకండి. ప్రతి హెల్పర్‌నూ ముందుగా ఒకటే అడగండి: ఇది ఇచ్చిన మెమరీని ఏ ఫంక్షన్‌తో ఫ్రీ చేయాలి, అంటే కెర్నెల్‌కు తిరిగి అప్పగించాలి? "సైజును బట్టి" అన్నదే జవాబైతే ఆ హెల్పర్‌ను మార్చాల్సిందే.

ఈ మాట దెబ్బ తిన్నాక చెబుతున్నాను. చిన్న బఫర్ అయితే కేమాలాక్ (భౌతికంగా వరుసగా ఉండే మెమరీ ఇచ్చేది), పెద్దదైతే వీమాలాక్ (చెదురుగా ఉన్న పేజీలను వరుస చిరునామాలతో చూపేది) అని లోపలే నిర్ణయించుకునే హెల్పర్ ఒకటి రాశాను. దాన్ని వాడినవాళ్లు అలవాటుగా, కేమాలాక్ మెమరీని వదిలే కేఫ్రీని పిలిచారు. పరీక్షల్లో అన్నీ చిన్న పట్టికలే కాబట్టి ఏమీ బయటపడలేదు. పట్టిక పెద్దదైన రోజు కెర్నెల్ సరిగ్గా కేఫ్రీలోనే కూలింది. ఒకే పాయింటర్‌ను రెండుసార్లు ఫ్రీ చేశామేమోనని రెండు రోజులు వెతికాను. అసలు సంగతి, అది వీమాలాక్ చిరునామా. కేఫ్రీ దాన్ని గుర్తించలేదు. ఈ అవసరానికే 2017లో 4.12 వెర్షన్‌తో కేవీమాలాక్ వచ్చింది. అది ముందు కేమాలాక్ తీరులో ప్రయత్నిస్తుంది, కుదరకపోతే వీమాలాక్‌కు వెళ్తుంది. ఎటు నుంచి తెచ్చినా కేవీఫ్రీ సరిగ్గా వదులుతుంది. అయితే భౌతికంగా వరుసగా ఉండే మెమరీ కావలసిన చోట, ఉదాహరణకు పరికరం నేరుగా చదివే బఫర్లకు, కేవీమాలాక్‌ను వాడకండి.

ఇక మెమరీని ఏ తీరుగా తేవాలో కేటాయింపు ఫంక్షన్‌కు చెప్పే ఫ్లాగుల విషయం. మామూలుగా వాడే ఫ్లాగైన జీఎఫ్‌పీ_కెర్నెల్‌ను హెల్పర్ లోపల దాచవద్దు. దానితో చేసిన కేటాయింపు మెమరీ దొరికేదాకా నిద్రలోకి వెళ్లవచ్చు. స్పిన్‌లాక్ (పట్టుకుని ఉండగా నిద్రపోకూడని తాళం) పట్టుకుని ఉన్న చోటు నుంచి ఎవరైనా ఆ హెల్పర్‌ను పిలిస్తే, మెమరీ ఖాళీగా ఉన్నన్నాళ్లూ అంతా సవ్యంగానే నడుస్తుంది, ఒత్తిడి పెరిగాక బిగుసుకుపోతుంది. నిద్రపోకూడని స్థితిలో ఉన్నామా అని చెప్పే ఇన్_అటామిక్‌తో లోపలే కనిపెట్టవచ్చు కదా అనిపిస్తుంది, కానీ ప్రీఎంప్షన్ (నడుస్తున్న కెర్నెల్ పనిని మధ్యలో ఆపి మరొకదానికి అవకాశమివ్వడం) లేకుండా కట్టిన కెర్నెల్‌లో స్పిన్‌లాక్ సంగతి దానికి తెలియదు. ఏ స్థితిలో ఉన్నామో పిలిచేవారికే తెలుసు. అందుకే ఫ్లాగును వారే ఇవ్వాలి, అన్ని హెల్పర్లలోనూ చివరి ఆర్గ్యుమెంట్‌గా. కెర్నెల్ సొంత ఫంక్షన్లలో ఎక్కువ భాగం క్రమమూ అదే.

సంఖ్యనూ సైజునూ గుణించి ఒకే విలువగా తీసుకునే హెల్పర్లు ఉంటే విడగొట్టండి. 32 బిట్ల యంత్రంలో 26,84,35,457 మూలకాలను 16 బైట్లతో గుణిస్తే ఫలితం 32 బిట్లలో పట్టక మిగిలేది 16 మాత్రమే. కేటాయింపు విజయవంతం, తరువాతి రాతంతా పరాయి మెమరీలోకి. కేమాలాక్_అరే ఈ లెక్కను ముందే తనిఖీ చేసి, పట్టకపోతే నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది. కేకాలాక్ అదే చేసి సున్నాలతో నింపుతుంది కూడా.

కేటాయింపు విఫలమైతే కెర్నెల్ మామూలుగా తానే హెచ్చరిక ముద్రిస్తుంది, మీ సందేశం అక్కర్లేదు.

మార్చేటప్పుడు ఒక ప్యాచ్‌లో (ఒకేసారి పంపే కోడ్ మార్పులో) ఒక హెల్పర్‌నే ముట్టుకోండి, దాన్ని ఫ్రీ చేసే చోట్లన్నీ అదే ప్యాచ్‌లో రావాలి. నేను వాటిని రెండు ప్యాచ్‌లుగా పంపాను. తప్పు ఏ మార్పుతో వచ్చిందో వెతకడానికి బైసెక్ట్ చేస్తూ (మార్పుల వరుసను సగం సగంగా పరీక్షిస్తూ) ఆ రెంటి మధ్యలో ఆగినవారికి కూలిపోయే కెర్నెల్ దొరికింది.