మొలకలు సరే, ముందు ఆ బస్తా సంగతి చూడు

నాన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. 12 పెట్టలూ నిగనిగలాడుతున్నాయి, చాలా సంతోషం. కానీ వాటి వెనక గోడకు ఆనించి, గచ్చు మీదే నిలబెట్టిన మొక్కజొన్న బస్తా కూడా కనపడింది. ముందు దాన్ని అక్కణ్ణుంచి జరిపి వచ్చి మిగతాది చదువు.

మొలకలు ఎలా కట్టాలని అడిగావు. అదేం కొత్త విద్య కాదు, నారు పోసేముందు మీ తాతయ్య వడ్లు నానబెట్టి, మొలకెత్తడానికి కుప్పగా కప్పి మండె కట్టడం చిన్నప్పుడు చూశావుగా, అదే. కాకపోతే మండెలో లోపల వెచ్చదనం పుట్టాలి, కోళ్ళ మొలకలకు పుట్టకూడదు, పుడితే పులిసి బూజెక్కుతాయి. రాత్రి పావు కిలో గింజలు కడిగి, పైకి తేలిన తాలు తీసేసి నానబెట్టు. పొద్దున నీళ్ళు వంచేసి, చిల్లుల గిన్నెలో వేలి మందాన పరిచి తడిగుడ్డ కప్పు. పొద్దునా సాయంత్రం మంచినీళ్ళతో కడిగి పూర్తిగా వంచెయ్, అడుగున చుక్క నిలవకూడదు. ఎండాకాలమైతే మర్నాటికే మోసు కనపడుతుంది, చలికాలం మూడు రోజులు పట్టొచ్చు. మోసు గింజంత పొడవు వస్తే చాలు, వేళ్ళు చాపలా అల్లుకునేదాకా ఉంచకు.

సజ్జలు, రాగులు, వడ్లు, గోధుమలు ఏవైనా బాగుంటాయి. జొన్న మాత్రం ఎండుగింజే వెయ్యి. లేత జొన్న మేసి పశువులు చనిపోతాయని మన ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, ఆ లేత మొలకలో సైనైడ్ విషం ఉంటుంది. విత్తనాల కోసం మందు పట్టించిన రంగు గింజలు మిగిలాయని ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకు, ఎన్నిసార్లు కడిగినా ఆ మందు పూర్తిగా పోదు.

మొలకలు వేస్తున్నాను కదా అని దాణా తగ్గించకు. నానిన గింజ బరువు పెరిగిందంటే అదంతా నీళ్ళే. గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 100 గ్రాముల పైచిలుకు దాణా కావాలి, పెరట్లో పురుగూ పుట్రా దొరికితే కాస్త తక్కువైనా పర్వాలేదు.

ఇక బస్తా. ఒక వానాకాలం నేనూ నీలాగే గచ్చు మీద పెట్టాను. పైన గింజలు బంగారంలా ఉన్నాయి, సగం అయ్యాక చెయ్యి పెడితే అడుగున గడ్డ కట్టి వెచ్చగా తగిలింది, విడదీస్తే పచ్చటి పొడి రాలింది. పారేయడానికి మనసొప్పక ఎండబెట్టి, చెరిగి వేశాను. వారం పది రోజుల్లో కోడిపిల్లలు మేత మానేసి, రెక్కలు వేలాడేసి ఒక్కొక్కటే పోయాయి. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్ అనీ, అది కాలేయాన్ని తినేస్తుందనీ, ఎండకీ ఉడకబెట్టినా పోదనీ తర్వాత పశువుల డాక్టరు చెబితే తెలిసింది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాకే ఈ విషం బయటపడిందట. అందుకే బూజు పట్టింది బాతులకో గేదెకో వేద్దామనుకోకు, గొయ్యి తీసి పూడ్చెయ్.

కొనేటప్పుడు గింజ కొరికి చూడు, టక్కుమని విరగాలి. అనుమానంగా ఉంటే ఎండిన గాజుసీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా కుదిపి కాసేపు వదిలెయ్, ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ ఉన్నట్టే, మళ్ళీ ఎండబెట్టాలి. ఎండలోంచి తెచ్చిన వేడి మీదే మూత పెట్టకు, చల్లారనివ్వు, లేకపోతే లోపల చెమట పడుతుంది. గట్టి మూత ఉన్న రేకు డ్రమ్ము, కింద రెండు ఇటుకలూ చెక్కా, గోడకు జానెడు ఎడం. ఎలుకల బెడద కూడా తీరుతుంది. కొత్త గింజలు పాతవాటి మీద పోయకు, డ్రమ్ము ఖాళీ చేసి తుడిచి, ఆరబెట్టి పొయ్. తవుడు మాత్రం రెండు వారాలకు సరిపడానే తెచ్చుకో, పాత నూనె వాసన వచ్చిందంటే చెడిపోయినట్టే. ముక్కు పురుగు పట్టిందని పురుగుమందు బిళ్ళలు ఇంట్లో పెట్టావంటే ఊరుకోను, వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణాలే తీస్తుంది. కాస్త పురుగు పడితే ఎండలో పరుచు, కోళ్ళే ఏరుకు తింటాయి.

ఈ పూటే బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా వెంటనే ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ