పెద్దమ్మ పట్టుచీర కొంగు, బస్సు తలుపు

"బస్సుల ఆటోమేటిక్ తలుపులకి రబ్బరు అంచులో సెన్సర్ ఎలాగూ ఉంటుంది కదా, మళ్ళీ తలుపు దగ్గర కెమెరా ఎందుకు, దండగ ఖర్చు కాదా?" అని ఒకరు అడిగారు.

ఖర్చే. అయినా పెట్టాలి. ఎందుకో చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ చీర సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట తమ్ముడి పెళ్ళికి హైదరాబాద్ నుంచి విజయవాడకి ఒక ట్రావెల్స్ మినీబస్సు మాట్లాడుకున్నాం. డ్రైవర్ బటన్ నొక్కితే తలుపు తెరుచుకునే రకం. దారంతా టీవీలో ఏదో సినిమా. సౌండ్ తగ్గించమంటే రిమోట్ పోయిందన్నాడు. సరే, అది వేరే ఏడుపు. సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. అందరూ దిగాక చివర్లో పెద్దమ్మ దిగింది. మోకాళ్ళ నొప్పులు, ఒంటి మీద కంచిపట్టు చీర, చేతిలో పళ్ళ సంచి. ఆవిడ కాలు కింద పెట్టిందో లేదో వెనక లారీవాడు హారన్ మోగించాడు. వాడికి దారి ఇద్దామని మా డ్రైవర్ గబుక్కున తలుపు మూసి బండి ముందుకు తీశాడు. కొంగు చివర లోపలే ఉండిపోయింది.

ఎవరో వెనక నుంచి లాగుతున్నారనుకుని పెద్దమ్మ "ఎవర్రా అది!" అని కసిరింది. తర్వాత బస్సు పక్కనే నడవడం మొదలెట్టింది. నడక పరుగయింది. అంతా కలిపి ఏడెనిమిది అడుగులే, కానీ ఆ మోకాళ్ళతో. టీ కొట్టు కుర్రాడు పరిగెత్తుకొచ్చి బస్సు రేకు మీద దబదబా బాదితే బండి ఆగింది. ఆలోగా పిన్నీసు పెట్టిన చోట చీర జానెడు చిరిగింది. అది చిరగబట్టే ఆవిడ పడలేదని ఇప్పటికీ నా నమ్మకం.

అందరం డ్రైవర్ మీద విరుచుకుపడ్డాం. అతను డాష్‌బోర్డు చూపించి, "డోర్ లైటు ఆరిపోయింది సార్, మూసుకున్నట్టే కదా" అన్నాడు. పెద్దమ్మ టీ ఊదుకుంటూ, "నీ లైటుతో పాటు నా దీపమూ ఆరేదిరా నాయనా" అంది.

డ్రైవర్ చెప్పింది మాత్రం నిజం. నాకు చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. పెళ్ళి హడావిడి అయ్యాక ఆ కొంగుని రెండు మడతలు పెట్టి వెర్నియర్ కొలబద్దతో మందం కొలిచాను. మిల్లీమీటరు కూడా రాలేదు. రబ్బరు అంచు లోపల బోలుగా ఉంటుంది. అందులో రెండు కరెంటు పట్టీలు ఎడంగా ఉంటాయి. ఏదైనా అడ్డుపడి రబ్బరు నొక్కుకుంటే అవి తగులుకుని తలుపు వెనక్కి పోతుంది. చెయ్యో సంచో అయితే సరే, పట్టు గుడ్డ దానికి ఓ లెక్కా? పైగా తలుపు పూర్తిగా మూసుకునే చివరి క్షణంలో ఆ సెన్సర్ మాట వినకుండా పెడతారు. లేకపోతే తలుపు అంచుకి అంచు తగిలినా మళ్ళీ తెరుచుకుంటుంది. బస్సులకున్న ఐక్యరాజ్యసమితి 107వ నిబంధన ప్రకారం, మూసుకునే తలుపుకి ఏదైనా అడ్డొస్తే ఒత్తిడి 150 న్యూటన్లు, అంటే సుమారు 15 కిలోల బరువు, దాటకముందే తెరుచుకోవాలి. ఒళ్ళు నలగకుండా చూసే లెక్క అది. కొంగు దగ్గర పనికిరాదు.

ఇదేదో మా ఇంటి గోల అనుకోకండి. 2023 డిసెంబర్‌లో ఢిల్లీ మెట్రో ఇందర్‌లోక్ స్టేషన్‌లో రైలు తలుపులో చీర చిక్కుకుని ఒక మహిళ ప్రాణాలు పోయాయి.

కెమెరా అనగానే "అంత సన్నటి గుడ్డని అదెలా పట్టుకుంటుంది?" అంటారు. పట్టుకోనక్కర్లేదు. చీర కనపడకపోయినా చీర కట్టుకున్న మనిషి కనపడితే చాలు. తలుపు పైన బయటివైపు కిందికి చూసేలా పెడితే, తలుపు మూసుకున్నాక కూడా అది చూస్తూనే ఉంటుంది. మనిషి తలుపుకి ఆనుకుని ఉన్నంతసేపు బండి కదలకూడదు, అంతే. మామూలు కెమెరా అయితే ఎండలో నీడని చూసి మనిషనుకోవచ్చు. అందుకే మన కళ్ళలా రెండు లెన్సులతో దూరం పసిగట్టే కెమెరానో, కంటికి కనపడని పరారుణ కాంతి పంపి దూరం కొలిచే రకమో వాడతారు. నీడకి ఎత్తుండదుగా!

అయితే ఒకటి. ఆ బొమ్మని డ్రైవర్ ముందు చిన్న తెర మీద చూపించి చేతులు దులుపుకుంటే మాత్రం అది కెమెరా పెట్టినట్టు కాదు. అద్దాలు, హారన్లు, వెనక లారీ, వీటి మధ్య ఆ తెర ఎవడు చూస్తాడు? నేరుగా బ్రేకుకి కలపాలి. కలిపితే ఇంకో తంటా. రద్దీ స్టాపులో తలుపు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, బండి కదలదు. సీటుబెల్టు అలారం నోరు మూయించడానికి ఉత్త బకిల్ కొనుక్కొచ్చి గుచ్చే జనం మనం. లెన్సు మీద స్టిక్కర్ అంటించడం ఎంతసేపు? దసరాకి పసుపు కుంకుమ బొట్టు పెట్టినా చాలు, కెమెరాకి కళ్ళు మూసుకుపోతాయి. కాబట్టి ఏమీ కనపడకపోతే "ఎవరూ లేరు" అనుకోకుండా "నాకు కనపడట్లేదు" అని మొరాయించేలా చెయ్యాలి. డ్రైవర్ తిట్టుకుంటాడు, తిట్టుకోనీ.

కార్ల సంగతికొస్తే, మా బావమరిది బండికి దానంతటదే జరిగే తలుపుంది. వచ్చినవాళ్ళందరి ముందూ తన కొడుకు చెయ్యి అడ్డం పెట్టించి, "చూశారా, మళ్ళీ తెరుచుకుంది" అని మురిసిపోతాడు. బుద్ధుందా? సొరకాయ పెట్టి చూపించు!

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ కొంగు నడుముకి బిగించుకుని, ఆగిన ప్రతిచోటా అందరికంటే ముందు దిగింది. చీర రఫ్ఫుకి 1200 అయింది. ట్రావెల్స్ వాళ్ళు ఇవ్వలేదు, నేనే ఇచ్చాను.