శాంక్షన్ అయిందంటారు, మరి డబ్బులేవి?

ప్రశ్న: అక్కా నమస్తే. మా చెల్లి బీటెక్ ఫస్టియర్ అయిపోయింది, మేము ఎస్సీ, అమ్మానాన్న కూలికెళ్తారు, నేను ఇంటర్‌తోనే ఆపేసి ఆటో నడుపుతున్నా. తను హాస్టల్లో ఉంటుంది, స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందని చూపిస్తోంది కానీ ఒక్క రూపాయి పడలేదు, తోటివాళ్ళకేమో పడిందంట. మెస్ బాకీ పెరిగిపోయి, మానేసి ఏదైనా పన్లో చేరతా అన్నయ్యా అని ఏడుస్తోంది.

జవాబు: తమ్ముడూ, ముందు చెల్లికి ఫోన్ చేసి మానొద్దని గట్టిగా చెప్పు, మిగతాది తర్వాత చదువుదువుగాని. శాంక్షన్ అయి, తోటివాళ్ళకి పడి, తనకి మాత్రమే ఆగిందంటే నేనైతే మొదట బ్యాంకునే అనుమానిస్తా. డీబీటీ, అంటే ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు, ఆధార్ నంబరు పట్టుకుని వెళ్తుంది, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ జాబితాలో ఆ ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు సీడ్ అయి (ముడిపడి) ఉంటే అక్కడికే పోతుంది. అకౌంట్ తీసేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఇచ్చాం కదా లింకయ్యే ఉంటుందిలే అనుకుంటారు చాలామంది, అది కేవైసీ, అంటే మనమెవరో బ్యాంకు చూసుకోవడం, ఇది వేరు. మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీతో 2 నిమిషాల్లో తెలుస్తుంది. ఏ బ్యాంకూ లేదని వస్తే, లేదా ఎప్పుడో తీసి వాడకుండా వదిలేసిన అకౌంట్ పేరొస్తే, ఇప్పుడు వాడే బ్యాంకుకి వెళ్ళి ఆధార్ సీడింగ్ ఫామ్ ఇవ్వండి. టెన్త్ మెమోలో ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూడండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పలే.

ఇంకోటి, ఫీజుకొచ్చే ఆర్టీఎఫ్ వేరు, తిండీ బసకి ఇచ్చే ఎంటీఎఫ్ వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ఊరంతా మాట్లాడతారు, ఎంటీఎఫ్ గురించి ఎవరూ అడగరు, పిల్లలు చదువు మానేసేదేమో ఈ మెస్ బిల్లు దగ్గరే. 2021లో మార్చిన కేంద్ర మార్గదర్శకాల్లో బీటెక్ లాంటి కోర్సులకి హాస్టల్లో ఉండే ఎస్సీ విద్యార్థికి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వెళ్ళొచ్చేవాళ్ళకి 7,000 అని ఉంది. నిజం చెప్పాలంటే 13,500తో ఏడాదంతా గడవదు. అందుకే సాంఘిక సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్లో సీటు అడగమంటున్నా, అక్కడ తిండికీ బసకీ బెంగ ఉండదు.

శాంక్షన్ పేజీ ప్రింట్ తీసి, బాకీకి గడువు కావాలని ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు. అక్కడ పని కాకపోతే జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్ళండి. సెకండియర్‌కి రెన్యూవల్ మర్చిపోవద్దు, అదంతట అదే అవ్వదు, హాజరు 75 శాతం తగ్గకూడదు, ఏడ్చుకుంటూ క్లాసులు ఎగ్గొడితే అసలుకే మోసం.

ప్రశ్న: మేడమ్, నాన్నగారి ఆదాయం ఏడాదికి 5 లక్షలు, రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. నేను ఈ ఏడాదే బీటెక్‌లో చేరాను. నాకిక ఏ దారీ లేదా?

జవాబు: ఉందమ్మా. సాంకేతిక కాలేజీలకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ అమ్మాయిల కోసమే, ఆదాయం 8 లక్షల దాకా ఉండొచ్చు, ఏడాదికి 50,000 ఇస్తారు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు. కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. ఫస్టియర్లోనే అప్లై చెయ్యాలి కాబట్టి ఆదాయ ధ్రువపత్రం ఇవాళే మొదలుపెట్టు. అది రాకపోతే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి లోన్ చూడు, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివేవాళ్ళకే ఇస్తారు, జాబితాలో మీ కాలేజీ ఉంటే పూచీ అక్కర్లేదు, 10 లక్షల లోపు లోనుకి చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. నేనైతే ముందు ప్రగతికి పెట్టి, అది తేలాకే లోన్ సంగతి చూడమంటాను.