సంబురం, సంతోషంగా బతకడం ఒకటేనా?

కాదు, సంబురం ఒక సంఘటనకు అప్పటికప్పుడు కలిగే పొంగు, గంటల్లోనే దిగిపోతుంది. సంతోషంగా బతకడమంటే మొత్తం జీవితం మీద ఉండే తృప్తి, ఏండ్ల తరబడి నిలవగలదు.

అనుకున్నదానికంటే మంచి జరిగితే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఒక్కసారిగా పెరుగుతుంది. అదే మంచి రోజూ జరిగితే మెదడు దాన్ని ముందే లెక్కలో వేసుకుంటుంది, ఇక పొంగు రాదు. కొత్త బండి కొన్నాళ్లకే మామూలయ్యేది ఇందుకే. తృప్తి మాత్రం అప్పు, ఆరోగ్యం, నిద్ర, ఇంట్లోవాళ్లతో పొత్తు లాంటి రోజూ ఉండే వాటిమీద నడుస్తుంది.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చికి అనుకున్న ధరకంటే క్వింటాలుకు 2,000 రూపాయలు ఎక్కువ పలికిందనుకోండి. ఆ పూట రైతింట్లో సంబురమే. ఆ పైసలతో షావుకారి అప్పు తీరితే ఏడాదంతా కంటినిండా నిద్ర. కొత్త ఫోన్ కొంటే? నెల తిరిగేసరికి పాత దిగులే.

సంబురం ఎంత పెద్దదైతే తృప్తి అంత ఎక్కువ కాలం ఉంటుందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అప్పు చేసి ఘనంగా చేసిన పెండ్లి సంగతి వడ్డీ కట్టేవాళ్లకే తెలుసు. నిజానికి వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద సాయంత్రం నడక లాంటి చిన్నవి, తరచూ దొరికేవే ఎక్కువ పనికొస్తాయి. తృప్తిగా ఉన్నవాళ్లకు ఏడుపు రాదనీ కాదు. ఆప్తులు పోయి ఏడుస్తున్న మనిషి కూడా తన బతుకు మీద తృప్తితో ఉండొచ్చు.