ఒసాకాలో చేప వద్దన్నా నీచు వాసన ఎందుకొచ్చింది?

కారణం దాషి, అంటే ఎండు చేపతో కాచిన నీళ్లు. ఒసాకా తిండి వీధి డోటోన్‌బోరిలో మాంసం, చేప వద్దని చెప్పినా అమ్మగారి ఓకోనోమియాకి (క్యాబేజీ కలిపి వేసే జపాన్ అట్టు) నీచు వాసన వచ్చిందన్నారు కదా, అది పిండిలోనే కలిసి ఉంటుంది.

1. కొనేముందే "దాషి హయిత్తేమాస్ కా?" (దాషి ఉందా?) అని అడగండి. అందరూ వదిలేసేది ఇదే. పైన చల్లే చేప పొరలు వద్దంటే మానేస్తారు, కలిపిన పిండిలోంచి ఎలా తీస్తారు? "హాయ్" అంటే అవునని, ఇక తీసుకోవద్దు.

2. తకోయాకి అనే గుండ్రటి పిండి ఉండల్లో ఆక్టోపస్ ఉంటుంది, వద్దు.

3. రేపు పొద్దున కురోమోన్ మార్కెట్‌లో ఇచిగో దైఫుకు దొరికితే తినిపించండి. సాగే బియ్యప్పిండి పొర, లోపల ఎర్ర చిక్కుళ్ల తీపి పూర్ణం, మధ్యలో పుల్లటి స్ట్రాబెర్రీ. అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

4. షాపింగ్ షిన్‌సైబాషిలో పెట్టుకోండి. రాత్రి భోజనానికి ఆ చుట్టుపక్కలే ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి.