రాజీనామా చేసిన పోపును ఏమని పిలవాలి? పాత గౌరవాలన్నీ ఉంటాయా?

"విశ్రాంత పాపుగారు" అనాలి. పేపర్లలో "మాజీ పోపు" అనే ఎక్కువగా రాస్తారు గానీ, ఆ మాట రాసి నేనొకసారి మా ఫాదర్ గారి చేత దిద్దించుకున్నాను.

2022 డిసెంబర్ 31 మధ్యాహ్నం 16వ బెనెడిక్ట్ పాపుగారు చనిపోయారని వాట్సాప్‌లో వచ్చింది. ఆ రాత్రి మా గుడిలో కొత్త సంవత్సరం పూజ. విశ్వాసుల ప్రార్థనలు చదివేది నేనే కాబట్టి గబగబా ఒకటి కొత్తగా రాసుకెళ్లాను. ఫాదర్ గారు కాగితం చూసి, జేబులోంచి పెన్ను తీసి "మాజీ" కొట్టేసి పైన "విశ్రాంత" అని రాశారు. "మాజీ ఎమ్మెల్యే అన్నట్టుందయ్యా. రిటైరైన మన మేత్రాణుల్ని (బిషప్పుల్ని) ఏమంటున్నాం?" అన్నారు.

అసలు విషయం ఆ పోలికలోనే ఉంది. మేత్రాణులు 75 ఏళ్లు నిండాక రాజీనామా ఇస్తారు. అది ఆమోదం పొందితే ఆ పీఠానికి విశ్రాంత మేత్రాణులు అవుతారు. పాపుగారి విషయంలో మాత్రం చర్చి చట్టం, రాజీనామా స్వేచ్ఛగా చేయాలి, సరిగ్గా తెలియజేయాలి, ఎవరి ఆమోదమూ అక్కర్లేదు అని చెప్పి ఊరుకుంది. ఆ తర్వాత ఏమని పిలవాలో అందులో లేదు. అందుకే 2013లో బెనెడిక్ట్ గారు రాజీనామా చేసినప్పుడు అప్పటికప్పుడు తేల్చుకోవాల్సి వచ్చింది. రాజీనామా అమల్లోకి రావడానికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 26న, వాటికన్ ప్రతినిధి ఫాదర్ లొంబార్డీ ఆ వివరాలు ప్రకటించారు.

బెనెడిక్ట్ అనే పేరు, "పరిశుద్ధ" అనే గౌరవ సంబోధన, తెల్ల అంగీ ఉంటాయి. కానీ అంగీ మీద వేసుకునే మొజెట్టా అనే పొట్టి కేప్ ఉండదు. ఎర్ర బూట్లు పోయి మెక్సికోలోని లియోన్‌లో కుట్టిన గోధుమరంగు బూట్లు వచ్చాయి. ముద్రగా వాడే ఉంగరం మీద అడ్డంగా గీతలు గీసి చెల్లకుండా చేశారు. ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటలకు ఆయన ఉన్న కాస్టెల్ గాండోల్ఫో భవనం తలుపులు మూసి, పాపుగారి రక్షణ దళమైన స్విస్ గార్డులు కాపలా వదిలి వెళ్లిపోయారు. నాకైతే అన్నిటికన్నా అదే గట్టిగా తగిలింది. బిరుదు మిగిలినా, అధికారం గడియారం చూసుకుని మరీ వెళ్లిపోయింది.

పాతకాలంలో ఇంత మర్యాద కూడా లేదు. 1294లో దిగిపోయిన 5వ సెలెస్టిన్ మళ్లీ మామూలు పియెత్రో అయిపోయాడు. తర్వాత వచ్చిన 8వ బోనిఫేస్ ఆయన్ని ఫుమోనే కోటలో ఉంచేశాడు, పాపం అక్కడే పోయాడు. 1415లో దిగిన 12వ గ్రెగరీ మళ్లీ కార్డినల్ అయ్యాడు. బెనెడిక్ట్ గారు ఈ రెండు దారులూ పట్టలేదు. నిజానికి తనకు "ఫాదర్ బెనెడిక్ట్" అనిపించుకోవాలని ఉండేదని, దాన్ని పట్టుబట్టే ఓపిక అప్పట్లో లేకపోయిందని తర్వాత ఆయనే చెప్పారు.

రాజీనామా కబురు వచ్చిన రోజు, అంటే 2013 ఫిబ్రవరి 11న, మేం గుణదల తిరునాళ్లలో ఉన్నాం. సాయంత్రం కొండ దిగుతుంటే ఎవరో ఫోన్లో చూసి చెప్పారు. మా అమ్మ ముందు ఆయన చనిపోయారేమోనని సిలువ గుర్తు వేసుకుంది. విషయం తెలిశాక, "అయితే ఇకనుంచి పూజలో పాపుగారి పేరు చెప్పే చోట ఇద్దరి పేర్లూ చెప్తారా?" అంది. చెప్పలేదు. పీఠం మీదున్న ఒక్కరి పేరే చెప్తారు. మార్చి 13న ఫ్రాన్సిస్ గారు ఎన్నికయ్యేదాకా ఆ చోట ఏ పేరూ లేదు. అలవాటైన చోట పేరు వినపడకపోతే మొదటి ఆదివారం మాకు అదోలా అనిపించింది.

అంత్యక్రియలు 2023 జనవరి 5న ఫ్రాన్సిస్ గారే చేయించారు. ప్రభుత్వాల తరఫున అధికారికంగా పిలిచింది ఇటలీ, జర్మనీలనే. తను గనక దిగిపోతే "రోమ్ విశ్రాంత మేత్రాణులు" అనిపించుకుంటానని ఫ్రాన్సిస్ గారు 2022లో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. నన్నడిగితే అదే సరైన పేరు, ఇద్దరు పాపులున్నారా అనే గందరగోళం ఉండదు. కానీ ఆయన 2025 ఏప్రిల్‌లో పదవిలో ఉండగానే పోయారు, ఆ పేరు వాడే అవసరం రాలేదు.